స్తంభాల వేలం

మా ఆయన డెల్మర్ గొంతు పోయేదాకా మా ఇంట్లో మాట్లాడే పని తనది, రాసే పని నాది. రైతుల సామాను వేలం వేయడం మా బతుకుతెరువు. తను బండెక్కి మైకు పట్టుకుని ధర పాడుతుంటే, నేను పక్కనే చిన్న ట్రెయిలర్ కిటికీలో కూర్చుని ఏ వస్తువు ఎవరికి పోయిందో రాసుకునేదాన్ని. చేతి తొడుగులకి వేళ్ళ కొసలు కత్తిరించుకుని, అద్దం మీద ఆవిరి తుడుచుకుంటూ, పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే కుర్చీ. ఎవరేం అడిగినా "డెల్మర్‌ని అడగండి" అనేదాన్ని. ఆ ఒక్క మాటతోనే అయోవా రాష్ట్రంలో సగం జీవితం గడిపేశాను.

ఆ జనవరిలో డాక్టరు తన గొంతులోంచి చిక్కుడు గింజంత కంతిని తీసేశాడు. భయపడాల్సిందేమీ లేదన్నాడు. అయితే మొక్కజొన్న విత్తే రోజులు వచ్చేదాకా నోరు విప్పకూడదన్నాడు.

"గుసగుసలు కూడా వద్దు. అరవడం కంటే అవే ఎక్కువ చేటు," అని నావైపు చూసి మరీ చెప్పాడు, కాపలా బాధ్యత నాదన్నట్టు.

మా అత్తగారు హుల్దా మాతోనే ఉంటుంది. కుడి చెవి సరిగా వినపడదు. ఎడమ చెవి మాత్రం పక్క పొలంలో మాట్లాడుకునేవి కూడా పట్టేస్తుంది. కొడుకు మౌనాన్ని రెండు రోజులు ఓర్చుకుంది. మూడోరోజు చర్చిలో పిల్లల ఆదివారం బడి నుంచి ఒక పలకా సుద్దముక్కా తెచ్చి డెల్మర్ మెడలో తగిలించింది.

"వీడు పుట్టినప్పుడు ఏడిపించడానికి ఎవరూ వీపు మీద చరచాల్సిన పని లేకపోయింది. ఇప్పుడు చూడు, ఇల్లు సోమవారం నాటి చర్చిలా ఉంది," అంది.

మంచు కరిగాక వేస్తామని మేము ఒప్పుకున్న వేలాలు ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది లైల్ ఓస్ట్‌బీది. లైల్ పాడి రైతు. మోకాళ్ళు అరిగిపోయి ఆవుల్ని అమ్మేశాడు. ఏప్రిల్లో మిగతా సామానంతా వేలం వేసి, ఊళ్ళో మెట్లు లేని ఇంట్లోకి మారాలని అతని ఆలోచన. కిందటి కోతలప్పుడే డెల్మర్‌తో చెయ్యి కలిపాడు. మావైపు చెయ్యి కలిపితే మాట అయిపోయినట్టే.

ఫిబ్రవరి మొదట్లో ఆర్విడ్ వచ్చాడు. వేలం జరుగుతుంటే గుంపులో నిలబడి, ఎవరు చెయ్యెత్తారో ఎవరు గడ్డం ఊపారో కనిపెట్టి "యేప్!" అని కేకేసి వేలం వేసేవాడికి చెప్పే మనిషి కావాలి. ఆర్విడ్ ఆ పని చేస్తాడు. డెల్మర్‌కి చిన్ననాటి స్నేహితుడు, పెళ్ళీ పెటాకులూ లేనివాడు, మా వంటింట్లో తనదంటూ ఒక కప్పు ఉన్నవాడు.

"ఫాస్ అన్నదమ్ములు కబురు పెట్టారు," అన్నాడు కేకు ముక్క కాఫీలో ముంచుతూ. కౌంటీ టౌన్‌లో వేలాలు వేసేది వాళ్ళే. "ఈ వసంతానికి మన పనులన్నీ వాళ్ళు చూసుకుంటారట. నీ వాటా నీకిస్తారట. మంచి కుర్రాళ్ళే, డెల్మర్."

డెల్మర్ పలక ఒళ్ళోకి తీసుకున్నాడు. సుద్దముక్క కోసం జేబు తడుముకున్నాడు.

"ఒకసారి చెయ్యి మారిన పని మళ్ళీ మన చేతికొస్తుందా, ఆర్విడ్?" అంది హుల్దా.

ఆర్విడ్ అబద్ధం చెప్పలేడు. "రాదు," అన్నాడు.

నేను కాఫీ కెటిల్ పట్టుకుని నిలబడి ఉన్నాను. "నేను చేస్తాను," అన్నాను.

"ఉందిగా ఇంకా, మళ్ళీ ఎందుకు చెయ్యడం?" అన్నాడు ఆర్విడ్ తన కప్పులోకి చూసుకుంటూ.

"కాఫీ కాదు. లైల్ వేలం."

హుల్దా నవ్వింది. "నువ్వా! చర్చిలో ఆమెన్ అనడానికే నీకు పెదాలు కదలవు కదే!"

డెల్మర్ నవ్వలేదు. నావైపు చాలాసేపు చూశాడు, బండి మీదకెక్కించిన వస్తువుకి ధర ఎక్కడ మొదలుపెట్టాలా అని చూసినట్టు. తర్వాత లేచి, దాణా కొట్టువాళ్ళు ఇచ్చిన క్యాలెండర్ గోడ మీంచి తీసి బల్ల మీద పరిచి, చెవి మీది పెన్సిలు అందుకున్నాడు. ఫిబ్రవరిలో ఒక గడిలో "అంకెలు" అని రాశాడు. నెలాఖర్న "స్తంభాలు". మార్చిలో, ఈస్టర్‌కి ముందు శ్రమదినాల్లో వచ్చే ఒక బుధవారం దగ్గర "చర్చి కేకులు". ఏప్రిల్ రెండో శనివారం "లైల్" అని రాసి, దాని కింద "ట్రాక్టర్లు" అని రాసి, గీత గీశాడు.

మెట్లు కట్టినట్టుంది. ఎక్కడమే తరువాయి అనిపించింది నాకు.

అంకెలు వంటింట్లోనే నేర్చుకున్నాను. రెండున్నర చొప్పున వందకి ఎక్కడం, వంద నుంచి దిగడం. గిన్నెలు తోముతూ, బట్టలు మడతపెడుతూ, కోళ్ళకి మేత వేస్తూ. రెండున్నర, ఐదు, ఏడున్నర, పది. ముందు నాలుక మీదకి, తర్వాత నాలుక కిందకి వచ్చాయి అంకెలు. అంటే, నోటితో చెప్తూ మనసుతో ఉల్లిపాయలు మాడుతున్నాయేమో చూసుకోగలిగాను. డెల్మర్ ఆ గడి మీద ఇంటూ కొట్టాడు.

స్తంభాలు రోడ్డు మీద. వేలం నేర్చుకునే వాళ్ళందరూ చేసే పనే ఇది. తనూ కుర్రతనంలో ఇలాగే నేర్చుకున్నాడు. కంకర రోడ్డు మీద కారు నడుపుతూ, ఎదురొచ్చే ఒక్కో కరెంటు స్తంభాన్నీ దాన్ని దాటిపోయేలోపు అమ్మేయాలి. నేను నడుపుతూ పాడేదాన్ని. డెల్మర్ పక్క సీట్లో కూర్చుని వేళ్ళతో ధర పెంచేవాడు.

"పది ఉంది పది, పన్నెండున్నర కావాలి, పన్నెండున్నర, ఎవరంటారు, అనండి, పన్నెండున్నర..."

తను డాష్‌బోర్డు మీద వేళ్ళతో తాళం వేసేవాడు. వేగంగా. ఇంకా వేగంగా. తన పాట ఆ చుట్టుపక్కల పేరున్న పాట. ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో తెలిసేది కాదు. ఇరవై ఏళ్ళుగా కిటికీలోంచి విన్నదే కాబట్టి, ప్రతి విరుపూ ప్రతి ఊతపదమూ నాకు కంఠతా వచ్చు. అచ్చం తనలా పాడాలి. నా గురి అదే. నేను డెల్మర్‌లా వినిపిస్తే జనానికి తేడా తెలియదు, పని చెయ్యి మారదు.

ఓ రోజు రాత్రి భోజనాల దగ్గర హుల్దాగారి గ్రేవీ గిన్నె వేలం వేశాను. ఆవిడ కునికిపాట్లు పడుతోంది. తల వాలినప్పుడల్లా ధర పెంచాను.

"అమ్మేశాం! ఎర్ర స్వెట్టరు పెద్దమ్మగారికి!"

ఆవిడ ఉలిక్కిపడి లేచింది. "ఏం కొన్నాను?"

"మీ గిన్నె మీరే కొనుక్కున్నారు, అత్తయ్యా."

"ఎంతకి?"

చెప్పాను.

"దోపిడీ!" అంది. డెల్మర్ భుజాలు ఊగిపోయాయి. నవ్వు చప్పుడు బయటికి రాకూడదని నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో మేము అలా నవ్వుకుని ఎన్నాళ్ళయిందో.

చర్చి కింది హాల్లో కేకుల వేలం ప్రతి ఏడూ డెల్మరే వేసేవాడు, పైకప్పు మరమ్మతు కోసం. ఆ బుధవారం సూపు తాగడం అయ్యాక నేను లేచి మైకు పట్టుకున్నాను. ఎదురుగా ఊరంతా. నా పెళ్ళికి చర్చి తలుపు తీసి పట్టుకున్నవాళ్ళు, నేను చలిజ్వరంతో పడుంటే వంటలు తెచ్చిపెట్టినవాళ్ళు. అందరూ నావైపే చూస్తున్నారు. నేను ఊపిరి పీల్చుకుని డెల్మర్ పాట అందుకున్నాను.

వేగం వచ్చింది. వచ్చిందంటే వరదలా వచ్చింది. నా నోట్లోంచి తన మాటలు దొర్లిపోతున్నాయి, వాటి వెనక నేను పరిగెడుతున్నాను. మొదటి కేకు పోయింది, రెండోది పోయింది. మూడోది నిమ్మకాయ కేకు. పాస్టర్ నెస్ ముందు వరసలో కూర్చుని ఉన్నారు. పొడుగ్గా, ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెప్పబోతున్నట్టుండే మనిషి. ఆయన తల ఊపారు. ధర పెంచాను. ఆయనే మళ్ళీ తల ఊపారు. పెంచాను. ఊపారు. హాలంతా నిశ్శబ్దమైపోతుంటే, అది నా పాట గొప్పదనమే అనుకున్నాను. "అమ్మేశాం!" అని అరిచాను. అందరూ చప్పట్లు కొట్టారు. "బాగా చేశావు వెర్లా," అని ఒక్కొక్కరే వచ్చి చెప్పారు. బాగా చేశావు అనే మాట మావాళ్ళు రెండు రకాలుగా అంటారు. రెండో రకం, ఓదార్చడానికి అనేది, చెప్పేటప్పుడు మోచెయ్యి పట్టుకుంటారు. ఆ సాయంత్రం నా మోచెయ్యి అందరూ పట్టుకున్నారు.

కార్లో హుల్దా అంది, "నిమ్మకాయ కేకుకి ఇంకెవరు పాడారే?"

"ఎవరో... అటువైపు..."

"ఎవరూ లేరు. పాస్టరు తన మీద తనే పాడుకున్నారు. నువ్వు అడిగావు, కాదంటే మర్యాద కాదని ఆయన ఊపుతూ పోయారు. నువ్వు ఆపకపోతే పాపం మనిషి ఆ రాత్రికి చర్చినే కొనుక్కునేవారు."

డెల్మర్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. స్తంభాలు ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. ఎవరూ అమ్మలేదు.

మర్నాడు పొద్దున్నే పాస్టర్‌గారి దగ్గరికి వెళ్ళాను. "అయ్యో, పైకప్పు కోసమేగా," అన్నారు. డబ్బు వెనక్కి తీసుకోమని నేను ఎంత చెప్పినా, తనకి నిమ్మకాయ ఇష్టమేనని పట్టుబట్టారు.

వారం తిరక్కుండా లైల్ వచ్చాడు. పికప్పు మా వాకిట్లో ఆపి, దిగడానికి చాలాసేపు తీసుకున్నాడు. మోకాళ్ళ వల్ల కాదని నాకు తెలుసు. లోపలికొచ్చి టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"నేలలో ఇంకా మంచు పోలేదు," అన్నాడు.

"పోలేదు," అన్నాను.

"రోడ్డు బాగానే ఉంది."

"ఉంది."

కాఫీ తాగాడు. డెల్మర్ వైపు చూడలేక కెటిల్ వైపు చూశాడు. "మొన్న చర్చిలో కేకులు బాగున్నాయి."

"అవును."

"పాస్టర్‌గారికి నిమ్మకాయ కేకంటే అంత ఇష్టమని నాకు తెలీదు సుమా."

"ఆయనకీ తెలీదు," అంది హుల్దా పొయ్యి దగ్గర్నుంచి.

లైల్ మెడ ఎర్రబడింది. అతను రెండో కప్పు తాగి వాన గురించి మాట్లాడబోతుంటే నాకు జాలేసింది. నలభై ఏళ్ళు కూడబెట్టుకున్నదంతా ఒక్కరోజులో పోబోతోంది అతనికి. అది ఎవరి చేతుల్లో పెట్టాలో తేల్చుకునే హక్కు లేదా?

"లైల్, ఫాస్ వాళ్ళకి ఇద్దామని ఉంటే ఇచ్చెయ్యి," అన్నాను. "మేమేం అనుకోం."

"అలాగని నేనెక్కడన్నాను?" అన్నాడు కంగారుగా. తర్వాత టోపీని అటూ ఇటూ తిప్పాడు. "ట్రాక్టర్లూ యంత్రాలూ వాళ్ళు చూస్తే ఎలా ఉంటుందంటావ్? ఇంటి సామానూ, బండ్ల మీది చిల్లర సరుకూ నువ్వు చూడు. అక్కడా ఇక్కడా ఒకేసారి సాగుతుంది. జనానికి పొద్దు కలిసొస్తుంది."

మావైపు ట్రాక్టర్లు అమ్మేవాడిదే వేలం. చిల్లర సరుకు అమ్మేవాడు వాడి బావమరిది అయ్యుంటాడు. ఆ సంగతి ఆ గదిలో ఉన్న నలుగురికీ తెలుసు.

"సరే," అన్నాను.

లైల్ వెళ్ళాక డెల్మర్ క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి, "ట్రాక్టర్లు" అన్న మాటని రబ్బరుతో నెమ్మదిగా చెరిపాడు. దాని కింది గీత కూడా చెరిపాడు. అక్కడ ఇంకేమీ రాయలేదు. పెన్సిలు బల్ల మీద పెట్టి కొట్టంలోకి వెళ్ళిపోయాడు.

నేను ఆ ఖాళీ గడిని చూస్తూ నిలబడ్డాను. ఇప్పటిదాకా ఆ క్యాలెండర్ మీద రాసినవన్నీ తను రాసినవి. పాడిందీ తన పాటే. చర్చిలో నేను తనలా వినిపించానో లేదో గానీ, నా ఎదురుగా తల ఊపుతున్న మనిషిని మాత్రం చూడలేదు. పెన్సిలు తీసుకుని ఆ గడిలో రాశాను: "అత్తయ్యకి అర్థం కావాలి."

ఈస్టర్ పండక్కి లెఫ్సె రొట్టెలు చెయ్యడం హుల్దా ఇంటి ఆనవాయితీ. ఉడికించిన బంగాళాదుంపల పిండి, కాగితంలా పల్చగా వత్తాలి. నేను వత్తితే ఆవిడ పొడుగాటి పుల్లతో ఎత్తి పెనం మీద వేసి కాలుస్తుంది. సరిగా వినపడని ఆవిడ కుడి చెవి నావైపు ఉంది. అప్పడాల కర్ర తోస్తూ, ఏదో ఒకటి అనుకోవాలి కాబట్టి, గూట్లో ఉన్న ఊరగాయ జాడీని అమ్మడం మొదలుపెట్టాను. కర్ర ముందుకి తోస్తే పది, వెనక్కి లాగితే పన్నెండున్నర. పిండి చిరిగిపోకూడదు, అందుకని తొందరపడడానికి లేదు. రొట్టె తిప్పి మళ్ళీ. పన్నెండున్నర ఉంది, మంచి జాడీ, పగులు లేదు, పదిహేను ఎవరంటారు?

"ఎవరూ అనరు," అంది హుల్దా.

"ఏంటి?"

"ఆ జాడీకి పదిహేనెవరిస్తారే? మూత లేదుగా దానికి."

కర్ర ఆపాను. ఆవిడ రొట్టె తిరగేస్తూనే ఉంది.

బల్ల దగ్గర కూర్చున్న డెల్మర్ వేళ్ళు చెక్క మీద కదులుతున్నాయి. నాకు తాళం చూపించడానికి కాదు. నేను తోసిన కర్రకి తను తాళం వేస్తున్నాడు.

లైల్ వేలం రోజున ఎండ ఉంది, గాలి మాత్రం కోసేస్తోంది. వాకిట్లో బురద మీద గడ్డి పరిచారు. చర్చి ఆడవాళ్ళు గరాజులో మాంసం బన్నులూ కాఫీ పెట్టారు. ఆర్విడ్ నా దగ్గరికి వచ్చి నిలబడి బూట్లు చూసుకున్నాడు.

"ఫాస్ వాళ్ళకి ట్రాక్టర్ల దగ్గర మనిషి తక్కువైంది వెర్లా. నన్ను రమ్మంటున్నారు. లైల్ కూడా..."

"వెళ్ళు. అక్కడే నీ అవసరం ఎక్కువ," అన్నాను.

వెళ్ళాడు. మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

బండెక్కి చూస్తే నా ముందు ఉన్న జనం పలచగా ఉన్నారు. ఎక్కువమంది ఆడవాళ్ళు, కొందరు ముసలాయనలు, తోలు కోటు వేసుకున్న పాత సామాను వ్యాపారి ఒకడు. వాళ్ళ మధ్యకి వచ్చి నిలబడ్డాడు డెల్మర్. మెడలో పలక లేదు. నావైపు చూసి టోపీ తీసి, పైకెత్తి, మళ్ళీ పెట్టుకున్నాడు. అర్థమైంది. గొంతు లేని "యేప్".

సీసాల పెట్టెతో మొదలుపెట్టాను. నా చేతులు బండి అంచు మీద, కర్ర పట్టుకున్నట్టు. "ఐదు ఉంది. ఏడున్నర ఎవరంటారు? చూసుకోండి, మూతలు అన్నిటికీ ఉన్నాయి. లేనిదాన్ని నేను పక్కన పెట్టేశాను." ఎవరో నవ్వారు. ఎవరో చెయ్యెత్తారు. డెల్మర్ టోపీ లేచింది. పెనాలు, దుప్పట్లు, కుట్టుమిషను, పాల క్యాన్లు. అవతల ట్రాక్టర్ల దగ్గర చిన్న ఫాస్ గొంతు తుపాకీలా పేలుతోంది, ఆర్విడ్ కేకలు వినపడుతున్నాయి. నేను నా కర్ర తోసుకుంటూ పోయాను.

తర్వాత పెద్ద జాడీ. లైల్ వాళ్ళమ్మ క్యాబేజీ ఊరవేసిన జాడీ, నడుం ఎత్తుంది. వ్యాపారి పాడాడు. అతని మీద పాస్టర్ నెస్ పాడారు, చర్చి విందులకి కావాలట. టోపీ లేస్తోంది, దిగుతోంది. ధర బాగా ఎక్కింది. లైల్ వచ్చి బండి పక్కన నిలబడ్డాడు. ఇంకో మెట్టు అడిగాను. పాస్టర్‌గారు తల ఊపారు. ఇంకోటి అడిగాను. ఆయన మళ్ళీ తల ఊపారు.

టోపీ లేవలేదు.

డెల్మర్ కళ్ళు నా మీద ఉన్నాయి. టోపీ తల మీదే ఉంది. నేను వ్యాపారి కోసం చూశాను. తోలు కోటు గరాజు వైపు నడిచిపోతోంది, బన్ను కోసం.

ఆపేశాను. మైకులో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"పాస్టర్‌గారూ," అన్నాను, "మళ్ళీ మీ మీద మీరే పాడుకుంటున్నారు."

ఆయన టోపీ తీసి, "నువ్వు అడిగావు కదమ్మా," అన్నారు.

జనం ఘొల్లుమన్నారు. నవ్వు తగ్గేదాకా ఆగాను. "ఈ ధర నాకెవరూ ఇవ్వలేదు. వెనక్కి వెళ్తున్నాం," అని, ఆ వ్యాపారి పాడి వెళ్ళిన చోటికి దిగి, దాని మీద పాస్టర్‌గారు పాడిన ఒక్క మెట్టు దగ్గర ఆగాను. పక్కనే లైల్ నిలబడి ఉన్నాడు. అతని సామాను ధర అతని ముందే తగ్గిస్తున్నాను. అటువైపు చూడలేదు. "ఇంకెవరైనా? లేరా? అమ్మేశాం."

ఆ తర్వాత ఏదో మారింది. ఏమిటని అడిగితే చెప్పలేను. చేతులు త్వరగా లేస్తున్నాయి. అడక్కుండానే ముందుకి జరిగి నిలబడుతున్నారు. ట్రాక్టర్ల దగ్గర్నుంచి కొందరు మగవాళ్ళు ఇటు వచ్చి, చేతులు జేబుల్లో పెట్టుకుని వింటున్నారు.

మధ్యాహ్నం తిరిగాక ఫాస్ వాళ్ళ పని అయిపోయింది. నా బండ్లు కూడా ఖాళీ అయ్యాయి. కొట్టం పక్కన తార్పాలిన్ కప్పిన ట్రాక్టరొకటి మిగిలింది. ఎరుపు వెలిసిపోయిన పాతది. లైల్ నా దగ్గరికి వచ్చాడు.

"అది కూడా నువ్వే అమ్ము."

"ఫాస్ వాళ్ళు ఏమన్నా అనుకుంటారేమో, లైల్."

"వాళ్ళతో చెప్పాను. బాగా చేశారు వాళ్ళు. ధరలు బాగా పలికాయి." అని కొట్టం వైపు చూశాడు. "కానీ నేను చూసేలోపే అయిపోతోంది వెర్లా. ఇటు తిరిగి అటు చూస్తే ఒకటి లేదు. ఇది మా నాన్నది. దీన్ని కాస్త నెమ్మదిగా అమ్ము."

నెమ్మదిగా అమ్మాను. జనమంతా అక్కడికే వచ్చారు. ఆర్విడ్ పరుగెత్తుకొచ్చి ఒకపక్క నిలబడ్డాడు, డెల్మర్ ఒకపక్క. కేక ఒకటి, టోపీ ఒకటి. లైల్ టైరు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ప్రతి ధరా ఆగి చెప్పాను. ఆఖరికి అది అతని సరిహద్దు పొలం రైతుకి పోయింది. లైల్ టైరు మీద రెండుసార్లు తట్టి చెయ్యి తీసేశాడు. "మంచిది," అన్నాడు. నా మోచెయ్యి పట్టుకోలేదు.

ఆ వసంతంలో మిగిలిన వేలాలు కూడా నేనే వేశాను. జూన్‌కి ఒకటి, ఆగస్టుకి ఒకటి కొత్తగా ఒప్పుకున్నాం. ఫోను చేసినవాళ్ళు "డెల్మర్ ఉన్నాడా?" అనడం మానలేదు గానీ, నేను "చెప్పండి" అంటే చెప్పడం మొదలుపెట్టారు.

మే నెలలో డాక్టరు డెల్మర్ గొంతులోకి దీపం వేసి చూశాడు. "మానింది," అన్నాడు. "మాట్లాడొచ్చు. కొంచెం కొంచెంగా మొదలుపెట్టండి. శరదృతువుకల్లా మీ పని మీరు చేసుకోవచ్చు."

"థాంక్స్ చెప్పు," అన్నాను అలవాటుగా. డెల్మర్ డాక్టరుతో చెయ్యి కలిపాడంతే.

తిరిగొస్తుంటే కారు నేనే నడిపాను. తను ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడొచ్చన్నాక కూడా మాట్లాడకపోవడం వేరే నిశ్శబ్దం. పొలాల్లో మొక్కజొన్న వేస్తున్నారు. నాకు ట్రెయిలర్ కిటికీ గుర్తొచ్చింది, ఆవిరి పట్టిన అద్దం, వేళ్ళు కత్తిరించిన తొడుగులు. మైకు తనది. తన తండ్రి తనకి ఇచ్చిన పని. అడిగితే ఇచ్చేస్తాను. అడక్కముందే ఇవ్వాలా?

కంకర రోడ్డు మలుపు తిరిగాం. ఎదురుగా స్తంభాల వరస. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి, మొదటి స్తంభాన్ని వేలానికి పెట్టాను. తన పాట కాదు, నాది. చేతులు స్టీరింగు మీద, కర్ర తోసినట్టు.

"పది ఉంది. గట్టి స్తంభం, నిటారుగా ఉంది, కొంగ కూడా వాలింది. పన్నెండున్నర ఎవరంటారు?"

డెల్మర్ కదల్లేదు. స్తంభం దగ్గర పడుతోంది.

"పన్నెండున్నర. ఎవరూ లేరా?"

తను కిటికీ అద్దం దించాడు. గాలి లోపలికి కొట్టింది. తల బయటికి పెట్టి, రెండు చేతులూ నోటి పక్కన పెట్టుకుని, నాలుగు నెలల తుప్పు పట్టిన గొంతుతో అరిచాడు:

"యేప్!"

కొంగ ఎగిరిపోయింది. తను టోపీ సర్దుకుని, గుంపులో నిలబడ్డ మనిషిలా, తర్వాత చెయ్యెత్తేదెవరా అని రోడ్డుకి అటూ ఇటూ వెతుకుతూ కూర్చున్నాడు.

పాట పెంచాను.